వేడిమిని విద్యుత్తుగా మార్చు ముద్రణ

పెండ్లి శుభలేఖలు అచ్చువేయు స్క్రీన్ ప్రింటింగు దుకాణము లేని పట్టణము మన ప్రాంతములలో లేదనియే చెప్పవచ్చును. అచట జరుగు పని చూచుటకు సులువుగానే ఉండును. ఒక చట్రమునకు సన్నని జల్లెడ వంటి గుడ్డను బిగించి కట్టుదురు. అక్షరములు పడవలసిన చోట్లు తప్ప తక్కిన కన్నములన్నిటిని ఒక పూతతో మూసివేయుదురు. గుడ్డమీద చిక్కని సిరా పోసి, రబ్బరు అంచుగల పలకతో ఒక్కమారు లాగినంతనే అడుగుననున్న అట్టమీద వధూవరుల పేర్లు దిగును. ఇదే పద్ధతిలో, రంగునకు బదులు బిస్మతు, టెల్లూరియము అను రెండు మూలకముల సమ్మేళనపు అతి సూక్ష్మమైన పొడిని సిరాలో కలిపి, అట్టకు బదులు పలుచని ప్లాస్టికు పొరను పరచి అచ్చువేసినచో ఏమగును? ఆ అచ్చును తగిన విధముగా నొక్కి కాల్చిన పిదప, దాని ఒక కొనను వేడి వస్తువునకు ఆనించి రెండవ కొనను చల్లగా నుంచినంతసేపు, దానినుండి విద్యుత్తు వచ్చుచుండును. తిరుగు చక్రము లేదు, ఆవిరి లేదు, చప్పుడు లేదు. పొరను చేతితో వంచవచ్చును, గుండ్రని గొట్టమునకు చుట్టవచ్చును, మణికట్టునకు కట్టుకొనవచ్చును.

ఇట్టి ముద్రిత పరికరములను గత పది పదిహేను సంవత్సరములలో అనేక దేశముల ప్రయోగశాలలలో తయారుచేసిరి. వీనిని గురించి వార్తలలో వచ్చు మాటలు మాత్రము ఒక్కొక్కప్పుడు మితిమీరి ఉండును. ఒంటి వేడిమితోనే సెల్‌ఫోను నడచు దినములు వచ్చినవని చదివి సంతోషించినవారు కొందరుండవచ్చును. ఈ ముద్రణ ఎట్లు జరుగును, అందులోని అసలు చిక్కు ఎక్కడ నున్నది, దానివలన నిజముగా ఎంత విద్యుత్తు రాగలదు అను విషయములను ఇచట విచారింతము.

సీబెక్ చూచిన సూది

1821లో బెర్లినులో థామస్ యోహాన్ సీబెక్ అను శాస్త్రజ్ఞుడు రెండు వేర్వేరు లోహముల పట్టీలను రెండు కొనలయందును కలిపి ఒక వలయముగా చేసి, ఒక అతుకును వేడిచేసెను. వలయము నడుమ ఉంచిన దిక్సూచి సూది కదలినది. వేడిమి లోహములను అయస్కాంతములుగా మార్చుచున్నదని సీబెక్ తలచెను. అంతటితో ఆగక, భూమి అయస్కాంతత్వమునకు గూడ ధ్రువములకును భూమధ్యరేఖకును నడుమగల ఉష్ణోగ్రతా భేదమే కారణమై ఉండునని ఊహించెను. సూదిని కదల్చినది వలయములో ప్రవహించిన విద్యుత్తేయని గ్రహించి చెప్పినవాడు డెన్మార్కు శాస్త్రజ్ఞుడైన ఆయిర్‌స్టెడ్. అయినను ఈ విశేషమునకు సీబెక్ పేరే నిలిచినది.

దీని ఉపయోగము వెంటనే కనిపించినది. నేడు ప్రతి పాఠశాలలో చెప్పబడు ఓమ్ నియమమును జార్జి ఓమ్ 1826లో నిర్ధారించునప్పుడు, ఆనాటి బ్యాటరీలు నిలకడగా పనిచేయక పోవుటచే, బిస్మతు, రాగి అతుకులనే విద్యుత్తునకు ఆధారముగా చేసికొనెను. ఒక అతుకు మరుగు నీటియందు, రెండవది మంచునందు. ఆ రెండు ఉష్ణోగ్రతలు మారవు కావున వోల్టేజియు మారదు. 1834లో, గడియారముల వృత్తినుండి భౌతికశాస్త్రమునకు వచ్చిన పెల్టియే అను ఫ్రెంచివాడు దీనికి విపర్యయమును కనుగొనెను. అతుకుగుండా విద్యుత్తును పంపినచో ఒక అతుకు వేడెక్కును, మరియొకటి చల్లబడును. నాలుగేండ్ల తరువాత రష్యాలో లెంజ్ బిస్మతు, ఆంటిమొని అతుకుమీద ఒక నీటి బొట్టును వైచి, విద్యుత్తుతో దానిని గడ్డకట్టించెను. విద్యుత్తు దిశను మార్చగా ఆ మంచు కరగిపోయినది.

వేడిమి ఎట్లు విద్యుత్తును కలిగించును? లోహమునందును అర్ధవాహకమునందును కొన్ని ఎలక్ట్రానులు ఏ పరమాణువునకును కట్టుబడక స్వేచ్ఛగా తిరుగుచుండును. కడ్డీయొక్క ఒక కొన వేడెక్కినప్పుడు అచటి ఎలక్ట్రానుల చలనము హెచ్చును. ఎండకు నిలువలేని జనము చెట్టునీడకు చేరినట్లు అవి చల్లని కొనవైపు తరలును. నీడలో జనము క్రిక్కిరిసినకొలది క్రొత్తగా వచ్చువారికి చోటు దొరకనట్లే, చల్లని కొనయందు ఋణవిద్యుత్తు పేరుకొని తరువాతి ఎలక్ట్రానులను వెనుకకు నెట్టును. ఈ రెండును సరితూగిన స్థితిలో కొనల నడుమ కొంత వోల్టేజి నిలుచును. సాధారణ లోహములలో ఒక డిగ్రీ భేదమునకు ఇది కొద్ది మైక్రోవోల్టులు మాత్రమే. మైక్రోవోల్టనగా వోల్టులో పదిలక్షవ వంతు. బిస్మతు టెల్లూరైడు అను అర్ధవాహకములో ఇది సుమారు 200 మైక్రోవోల్టులు. ఇందులో కొంచెము మార్పుచేసి ఎలక్ట్రానులకు బదులు ధనవాహకములు తిరుగునట్లు గూడ తయారుచేయవచ్చును. ఋణజాతి కడ్డీని ఒకదానిని, ధనజాతి కడ్డీని ఒకదానిని జతచేసినచో ఒక డిగ్రీకి 400 మైక్రోవోల్టులు. నూరు జతలను గొలుసువలె కలిపినచో ఒక డిగ్రీకి 40 మిల్లీవోల్టులు. బజారులో దొరకు ఉష్ణవిద్యుత్ పలకలలో నున్నది ఇట్టి గొలుసే.

మూడు గుణముల తగవు

వోల్టేజి ఒక్కటియే చాలదు. పదార్థము విద్యుత్తును బాగుగా ప్రవహింపనీయవలెను. లేనిచో పుట్టిన శక్తి దానిలోనే వ్యర్థమగును. అంతేకాక అది వేడిమిని త్వరగా ప్రవహింపనీయరాదు. లేనిచో రెండు కొనలును కొద్దిసేపటిలో ఒకే ఉష్ణోగ్రతకు వచ్చి పని ఆగిపోవును. ఈ మూడు గుణములును ఒకచో నుండవలెనని 1911 నాటికే జర్మనీలో ఆల్టెన్‌కిర్ష్ తేల్చిచెప్పెను. కాని ప్రకృతి ఇందుకు సులభముగా ఒప్పుకొనదు. వెండి గొప్ప విద్యుద్వాహకము. కాని వేడి పాలలో నుంచిన వెండి చెంచా కొన క్షణములో చేతిని కాల్చును. గాజు వేడిమిని ఆపును, విద్యుత్తునుగూడ ఆపును.

ఈ మూడింటిని కలిపి శాస్త్రజ్ఞులు ఒక సంఖ్యను ఏర్పరచిరి. వోల్టేజి గుణకపు వర్గమును విద్యుద్వాహకతతోను, పరమ ఉష్ణోగ్రతతోను గుణించి, ఉష్ణవాహకతతో భాగించినచో వచ్చునది ఆ పదార్థపు యోగ్యతాంకము. ఈ అంకము 1 ఉన్నచో, ఏ యంత్రమును దాటలేని కార్నో పరిమితిలో సుమారు ఆరవ వంతు శక్తి చేతికి వచ్చును. 0.43 ఉన్నచో పదకొండవ వంతు. ఈ రెండు సంఖ్యలను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు ముందు అవసరమగును.

అర్ధవాహకములే ఇందుకు తగినవని రష్యాలో అబ్రాం ఇయోఫి గట్టిగా వాదించెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము విద్యుత్తు చేరని సోవియట్ గ్రామములలో, కిరసనాయిలు దీపపు చిమ్నీకి అమర్చిన ఉష్ణవిద్యుత్ పరికరములతో రేడియోలు నడచినవి. ఒకే దీపము చదువుటకు వెలుగును, వినుటకు వార్తలను ఇచ్చినది! 1954లో ఇంగ్లండులో గోల్డ్‌స్మిడ్, డగ్లస్ అనువారు బిస్మతు టెల్లూరైడు గుణములను ప్రకటించిరి. దీనిని ఆధారముగా చేసికొని తయారైన మిశ్రమముల యోగ్యతాంకము గది ఉష్ణోగ్రత వద్ద 1 వరకు వచ్చినది. నేటికిని సాధారణ ఉష్ణోగ్రతలలో పనిచేయు ఉష్ణవిద్యుత్ పలకలలో అధికభాగము దీనితోనే తయారగుచున్నవి. ఎక్కువ వేడిమికి సిలికాను, జెర్మేనియముల మిశ్రమమును వాడుదురు. 1977లో బయలుదేరిన వాయేజరు నౌకలు రెండును ప్లుటోనియపు వేడిమినుండి ఇట్లే విద్యుత్తును పొందినవి. కదలు భాగములు లేవు కావుననే అన్ని దశాబ్దులు అవి మరమ్మతు లేక పనిచేయగలిగినవి.

ఇంత మేలైన పరికరము మన ఇండ్లలో, కర్మాగారములలో ఏల వ్యాపింపలేదు? ఒక కారణము దాని సామర్థ్యము తక్కువ. ఆవిరి టర్బైనుతో పోల్చినచో ఇది చాల వెనుకబడినది. పెద్ద విద్యుత్కేంద్రమును దీనితో నిర్మింపవలెనని ఎవరును తలపరాదు. రెండవ కారణము దాని తయారీ. పదార్థమును కరగించి దిమ్మెగా పోసి, రంపముతో బియ్యపుగింజలంతటి ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కను రెండు పింగాణి పలకల నడుమ టంకముతో అతుకవలెను. ఆ దిమ్మె పెళుసు. కోతలో కొంత పొడియై పోవును, కొన్ని ముక్కలు విరుగును. తయారైన పలక బల్లపరుపుగా నుండును; వేడిమిని వ్యర్థముగా పోనిచ్చు గొట్టములేమో గుండ్రనివి. గొట్టముమీద అట్టి పలకను పెట్టినచో సన్నని గీతవెంట మాత్రమే తాకును. అందుచేతనే వంగు పొరలను అచ్చువేయవలెనను కోరిక కలిగినది.

సరిహద్దుల మేలు, కీడు

ముద్రణకు పొడి కావలెను. పొడిచేయుటవలన పదార్థము చెడునేమో అని మొదట ఎవరికైనను తోచును. కాని 1993లో అమెరికాలో హిక్స్, మిల్డ్రెడ్ డ్రెస్సెల్‌హాస్ అనువారు దీనికి విరుద్ధమైన మాట చెప్పిరి. పదార్థమును నానోమీటరుల కొలతకు, అనగా మీటరులో నూరుకోట్లవ వంతుల కొలతకు, కుదించినచో దాని యోగ్యతాంకము పెరుగగలదని వారు గణితముతో చూపిరి. తరువాతి ప్రయోగములలో ఎక్కువగా అక్కరకు వచ్చిన కారణము మరింత సులభమైనది. వేడిమిని మోయునవి రెండు. ఎలక్ట్రానులు ఒకటి, స్ఫటికములోని పరమాణువుల కంపనములు రెండవది. మనకు ఎలక్ట్రానులు కావలెను, కంపనములు వలదు. ఈ కంపనములలో అనేకములు ఆటంకము లేక ఎలక్ట్రానులకన్న చాల దూరము పోగలవు. స్ఫటికమును చిన్న చిన్న రేణువులుగా చేసి మరల కూర్చినచో, రేణువునకును రేణువునకును నడుమ సరిహద్దులు ఏర్పడును. పెద్ద అంగలు వేయువానికి అడుగడుగున అడ్డువచ్చు గడపలు పొట్టి అడుగులవానిని అంతగా బాధింపవు. వేడిమి తగ్గును, విద్యుత్తు మాత్రము అంతగా తగ్గదు. 2008లో బాస్టను కళాశాల, మసాచుసెట్స్ సాంకేతిక సంస్థల శాస్త్రజ్ఞులు బిస్మతు, ఆంటిమొని, టెల్లూరియముల మిశ్రమమును గుండ్లమరలో నానోరేణువులుగా నూరి, వేడిచేసి నొక్కి దిమ్మెగా చేయగా, 100 డిగ్రీల వద్ద యోగ్యతాంకము 1.4 వరకు పెరిగినది. యాభైయేండ్లు దాదాపు కదలక నిలిచిన సంఖ్య అప్పుడు కదలినది.

అయితే ఆ దిమ్మె రేణువులు గొప్ప ఒత్తిడిచే ఒకదానికొకటి అతుకుకొని ఉన్నవి. అచ్చువేసిన సిరాలో అట్లు కాదు. సిరా ఆరినప్పుడు ద్రవము పోయిన చోట్ల ఖాళీలు మిగులును. అచట వేడిమియు ఆగును, విద్యుత్తును ఆగును. రేణువుల నడుమ సరిహద్దు ఉండవలెను గాని సందు ఉండరాదు. ఈ ముద్రణకు సంబంధించిన కష్టమంతయు ఈ ఒక్కమాటలో నున్నదని నా అభిప్రాయము. సిరా చేయువారును, కాల్చువారును, క్రొత్త రసాయనములు వెదకువారును అందరును చేయుచున్నది సరిహద్దును ఉంచి సందును తొలగించు ప్రయత్నమే.

సిరా పుట్టుక

ఒక నిదర్శనమును వివరముగా చూతము. అమెరికాలో ఐడహో రాష్ట్రమునందలి బాయిసీ స్టేట్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు తమ సహచరులతో కలసి 2016లో ఒక పద్ధతిని ప్రకటించిరి. మూలకములను రసాయన ద్రావణములో కలిపి, మన వంటిండ్లలోనికి గూడ వచ్చిన మైక్రోతరంగముల వేడిమితో నానోస్ఫటికములను పుట్టించుట అందులో మొదటి మెట్టు. పెద్ద దిమ్మెను నూరి చిన్నది చేయుట కాదు. చిన్నదానినే మొదటినుండి పెంచుట. ద్రావణమంతయు ఒక్కమారుగా వేడెక్కును కావున స్ఫటికములు త్వరగా ఏర్పడును.

ఈ స్ఫటికములు గుండ్రముగా నుండవు, పలుచని రేకులవలె నుండును. బిస్మతు టెల్లూరైడులో పరమాణువులు ఐదు వరుసల పొరలుగా కూర్చబడి ఉండును. పొరలోపలి బంధము గట్టిది. పొరకును పొరకును నడుమనున్నది బలహీనము. నెల్లూరు జిల్లా గూడూరు ప్రాంతపు అభ్రకమును చూచినవారికి ఈ నిర్మాణమును వేరుగా వర్ణింప నక్కరలేదు. గోటితో గిల్లిన రేకులు రేకులుగా వచ్చు స్వభావమే ఇచటను ఉన్నది. ఈ రేకుల ఆకారము ముద్రణకు అనుకూలమైనది. విద్యుత్తు రేకు వెడల్పు వెంట ఎక్కువ సులభముగా ప్రవహించును. అచ్చువేసి పైనుండి నొక్కినప్పుడు, అటుకులను అరచేతితో అదిమినట్లు, రేకులన్నియు చాలవరకు ఒకదానిపై నొకటి బల్లపరుపుగా పడును.

రేకులను కడిగి, ద్రవముతోను కొద్దిపాటి బంధకముతోను కలిపినచో సిరా అగును. ఇది పలుచన అయినచో జల్లెడనుండి కారిపోయి గీతలు చెదరును. చిక్కనైనచో కన్నములలో ఇరుకుకొనును. బంధకము ఎక్కువైనచో అచ్చు చక్కగా నిలుచును గాని, అది విద్యుత్తును ప్రవహింపనీయని పదార్థము కావున రేకులను ఒకదానినుండి మరొకటి వేరుచేయును. కావున దానిని తక్కువగా వేసి, తరువాత వేడిమితో పోగొట్టవలెను. బాయిసీవారు పాలిఇమైడు అను ప్లాస్టికు పొరమీద కొన్ని పదుల మైక్రానుల మందముగా, అనగా సుమారు తలవెంట్రుక మందముగా, అచ్చువేసిరి. పిదప దానిని వేడిచేయకయే గట్టిగా నొక్కిరి. ఆ తరువాత కాల్చిరి.

ఈ కాల్చుట చాల మెలకువతో చేయవలసిన పని. కుండ ఆవములో గట్టిపడునట్లు, కరగు ఉష్ణోగ్రతకు చేరకయే రేణువులు అంచులవద్ద ఒకదానికొకటి అతుకుకొనవలెను. బిస్మతు టెల్లూరైడు సుమారు 585 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగును. అడుగుననున్న పాలిఇమైడు, ప్లాస్టికులలో ఎంత గట్టిదైనను, 400 డిగ్రీల ప్రాంతమున కష్టపడసాగును. వేడి చాలనిచో సందులు పూడవు. మించినచో ప్లాస్టికు చెడును. అంతేకాక టెల్లూరియము, సెలీనియము కొంత ఆవిరియై ఎగిరిపోవుటచే విద్యుద్వాహకముల సంఖ్యయే మారిపోవును. ఈ చిక్కును తప్పించుకొనుటకు కొందరు క్సెనాను దీపపు మెరుపును వాడుచున్నారు. సెకనులో వేయవవంతు కాలము ఆ తీవ్రకాంతి అచ్చుమీద పడగా అచ్చు మాత్రము మిక్కిలి వేడెక్కును. ఆ వేడిమి ప్లాస్టికులోనికి దిగులోపలనే దీపము ఆరిపోవును.

బాయిసీలో తయారైన ఋణజాతి పొర యోగ్యతాంకము గరిష్ఠముగా 0.43 వరకు వచ్చినది. దిమ్మెలకు 1 ఉండగా ఇది సగమునకన్న తక్కువ గదా అనిపించును. కాని వంగు పొరలలో ఆనాటికి ఇది మంచి సంఖ్యలలో ఒకటి. ఆ పొరలతో చేసిన పరికరము, వేడి చల్లని వైపుల నడుమ 60 డిగ్రీల భేదమున్నప్పుడు, చదరపు సెంటీమీటరుకు 4.1 మిల్లీవాట్ల శక్తిని ఇచ్చినది. మిగిలిన లోటునకు ముఖ్యకారణము ముందు చెప్పిన సందులే.

ఎనిమిది సంవత్సరముల తరువాత, 2024లో, ఆస్ట్రేలియాలో బ్రిస్బేను నగరమందలి క్వీన్స్‌లాండ్ సాంకేతిక విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఈ సందులను మరొక విధముగా పూడ్చిరి. బిస్మతు టెల్లూరైడు రేకుల సిరాలో టెల్లూరియపు నానోకడ్డీలను కలిపిరి. శుద్ధ టెల్లూరియము సుమారు 450 డిగ్రీలకే కరగును, అనగా రేకులకన్న ముందుగా మెత్తబడును. కాల్చినప్పుడు అది రేకుల నడుమ జిగురువలె పనిచేసినది. మామూలు జిగురు విద్యుత్తును ఆపును. ఇది ఆపదు, పైగా రేకుల కుటుంబమునకు చెందిన పదార్థమే. ఇటుకల నడుమ ఇసుకకు బదులు ఇటుకమట్టినే పెట్టి కాల్చినట్లున్నది. ఈ పొరలతో చేసిన పరికరము, ఒక డిగ్రీ భేదమునకు లెక్కించినచో, చదరపు సెంటీమీటరుకు 3 మైక్రోవాట్లకు పైగా ఇచ్చినది. బాయిసీవారి సంఖ్యను ఇదే విధముగా లెక్కించినచో, శక్తి ఉష్ణోగ్రతా భేదపు వర్గమును అనుసరించును గనుక, 4.1 మిల్లీవాట్లను 60 వర్గమైన 3600తో భాగింపగా సుమారు 1.1 మైక్రోవాట్లు వచ్చును. అనగా ఎనిమిదేండ్లలో రెండున్నర రెట్లకు పైబడిన అభివృద్ధి.

పలుచని పొరకు సహజమైన ఇబ్బంది మరియొకటి కలదు. తలవెంట్రుకంత మందముగల పొర అడుగువైపు వేడిగాను, పైవైపు చల్లగాను ఎంతసేపు నిలువగలదు? ఒక కాగితమును వేడి గిన్నెమీద వేసి పైవైపు ముట్టుకొనినచో తెలియును. కావున అనేక ముద్రిత పరికరములలో వేడిమిని పొర మందము గుండా గాక పొడవు వెంట నడపింతురు. పొరను మడతలుగా గాని చుట్టగా గాని నిలువబెట్టుదురు. అప్పుడు విద్యుత్తును ఈయని ప్లాస్టికు గుండా గూడ కొంత వేడిమి జారిపోవును. ప్లాస్టికు ఎంత పలుచనైన అంత మేలు.

ఒంటి వేడిమి లెక్క

ఇప్పుడు సెల్‌ఫోను సంగతికి వత్తము. విశ్రాంతిగా కూర్చున్న మనిషి శరీరము సుమారు 100 వాట్ల వేడిమిని వెలువరించును. పాతకాలపు 100 వాట్ల బల్బు ఎంతో మనిషి అంత. ఈ సంఖ్యను చూచియే కొందరు ఆశపడుదురు. కాని చర్మమునకును గాలికిని నడుమగల భేదములో అధికభాగము చర్మమును అంటియున్న గాలి పొరయందే ఖర్చగును. పలుచని పరికరముపాలికి వచ్చునది ఒకటి రెండు డిగ్రీలే. రెండు డిగ్రీలు అనుకొందము. చర్మపు ఉష్ణోగ్రత 34 డిగ్రీలు, అనగా పరమ మానములో 307. కార్నో పరిమితి 307లో 2 వంతులు, అనగా నూటికి 0.65. యోగ్యతాంకము 1 అయిన మేలైన పదార్థమునే వాడితిమనుకొన్నను అందులో ఆరవ వంతు, అనగా నూటికి 0.11. ఒంటినిండ ఈ పొరను కప్పుకొని, చెమటలోను ఊపిరిలోను పోవు వేడిమినిగూడ కలుపుకొని లెక్కించినను 100 వాట్లలో 0.11 వాటు మాత్రమే లభించును. సెల్‌ఫోనును నింపు సామాన్యమైన ఛార్జరు 5 వాట్లు ఇచ్చును. తలనుండి కాలివరకు కప్పుకొన్న నలుబదియైదుగురు మనుష్యులు కలసిన గాని ఒక ఛార్జరు కానేరదు!

మన దేశములో మరియొక చిక్కు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండములోనో మధ్యాహ్నపు గాలి చర్మముకన్న వేడిగా నుండును. గాలియు చర్మమును ఒకే ఉష్ణోగ్రతలో నున్న గడియలో ఈ పరికరము ఏమియు ఈయదు. గాలి ఇంకను వేడెక్కినచో విద్యుత్తు ఎదురుదిశకు తిరుగును. వేడిమి ఎంత ఉన్నదన్నది ప్రశ్న కాదు, భేదము ఎంత ఉన్నదన్నదే ప్రశ్న. చలిదేశములలో బాగుగా పనిచేసిన మణికట్టు పట్టీని ఇచటికి తెచ్చి నిరాశపడినచో తప్పు పట్టీది కాదు.

అయితే ఇది పనికిరానిదా? అదియు కాదు. పై లెక్కప్రకారమే 20 చదరపు సెంటీమీటరుల పట్టీనుండి నూరు మైక్రోవాట్లకు పైగా వచ్చును. చేతి గడియారమునకు కొద్ది మైక్రోవాట్లు చాలును. జపానులో సీకో సంస్థ 1998లోనే ఒంటి వేడిమితో నడచు గడియారమును అమ్మినది. అందులో వాడినవి అచ్చువేసినవి కావు, అతి చిన్న ముక్కలుగా కోసినవి. నాడిని, ఒంటి ఉష్ణోగ్రతను కొలిచి, నిమిషమున కొకమారు ఆ సంఖ్యను రేడియో ద్వారా పంపు చిన్న పరికరములు ఇంత శక్తితో నడువగలవు. 2014లో దక్షిణ కొరియాలోని ఉన్నత సాంకేతిక సంస్థ శాస్త్రజ్ఞులు గాజునూలు గుడ్డమీదనే ఉష్ణవిద్యుత్ పదార్థములను స్క్రీన్ ప్రింటింగుతో అచ్చువేసి, పింగాణి పలకలను పూర్తిగా తొలగించిరి. అందువలన పరికరము తేలికయై వంగునదైనది.

నా దృష్టిలో ఈ పొరలకు తగిన చోటు మణికట్టు కన్న ఆవిరి గొట్టము. బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రములో, చక్కెర మిల్లులో, ఎరువుల కర్మాగారములో మైళ్ళకొలది వేడి గొట్టములు ఉండును. వాని కీళ్ళవద్ద కారుట, అదురుట, ఉష్ణోగ్రత పెరుగుట మొదలగువానిని కనిపెట్టి తెలుపు సూచికలను అమర్చుచున్నారు. ఒక్కొక్కదానికి తీగ లాగుట ఖర్చు. బ్యాటరీ పెట్టినచో కొన్నేండ్లకొకమారు ఎత్తైన గొట్టముమీదికి మనిషి ఎక్కవలెను. ఆ పని ప్రమాదము లేనిది కాదు. గొట్టమునకు చుట్టిన ముద్రిత పొర పాలికి రెండు డిగ్రీలు గాక ముప్పదియో నలుబదియో డిగ్రీల భేదము దొరకును. ఇరువది రెట్లు భేదము, నాలుగువందల రెట్లు శక్తి. మైక్రోవాట్లు మిల్లీవాట్లగును. గొట్టము వేడిగా నున్నంతకాలము సూచిక మాటలాడుచునే యుండును. గొట్టము చల్లబడినచో చెప్పవలసినదియు అంతగా ఉండదు.

ముడిపదార్థము మాట చెప్పక విడువరాదు. టెల్లూరియము భూమి పైపొరలో బంగారమువలెనే మిక్కిలి అరుదు. దానికై ప్రత్యేకముగా త్రవ్వు గనులు బహు తక్కువ. రాగిని విద్యుత్తుతో శుద్ధిచేయునప్పుడు తొట్టె అడుగున దిగు మడ్డినుండి దానిని తీయుదురు. కావున గిరాకి పెరిగినంతమాత్రమున ఉత్పత్తి పెరుగదు. రాగి ఎంత వచ్చునో దానినిబట్టి ఇదియు వచ్చును. ఒక జాతి సౌరఫలకములకు గూడ ఇదే కావలెను. రంపపు పొడిగా పోవు నష్టము ముద్రణలో లేకపోవుట ఈ కారణముచే చిన్న లాభము కాదు. అయినను వేరు పదార్థములకై అన్వేషణ సాగుచున్నది. వెండి, సెలీనియముల సమ్మేళనము ఋణజాతికి బాగుగా పనికివచ్చుచున్నది. బ్రిస్బేను పద్ధతి దానికిని వర్తించినది. 2018లో షాంఘైలోని శాస్త్రజ్ఞులు వెండి సల్ఫైడు గది ఉష్ణోగ్రతవద్దనే లోహమువలె సాగుననియు, వంచినను విరుగదనియు చూపిరి. అర్ధవాహకములన్నియు పెళుసని నమ్మియున్నవారికి ఇది వింతగా తోచినది. దాని యోగ్యతాంకము మాత్రము చాల తక్కువ. సాగు గుణము చెడకుండ దానిని పెంచుటకై అందులో సెలీనియమును, మరల కొంత టెల్లూరియమునే, కలిపి పరీక్షించుచున్నారు.